ఇంట్లోనే ఫోమ్‌తో డైనోసార్ వేషం: తరచుగా అడిగే ప్రశ్నలు

పోయిన బాలల దినోత్సవానికి మా పాపకి రాజాసారస్ వేషం కట్టాం. తను రెండో తరగతి, ఎత్తు నాలుగడుగులు. ఆ ఫోటోలు చూసిన దగ్గర్నుంచి తోటి తల్లిదండ్రులు ఎలా చేశారని అడుగుతూనే ఉన్నారు. ఎక్కువమంది అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. వేషం ఎంత బాగున్నా లోపల ఉండేది ఏడెనిమిదేళ్ల పిల్ల. ఊపిరి ఆడాలి, దారి కనిపించాలి, మెట్లెక్కగలగాలి. ఈ మూడూ కుదిరాకే కొమ్ములూ కోరలూ. కింది జవాబులన్నీ ఆ వరుసలోనే ఆలోచించి రాశాను.

ఏ డైనోసార్ అయితే తేలిక?

రెండు కాళ్ల మీద నడిచేదేదైనా సరే. మనిషి ఒంటికి అదే అమరుతుంది. ఎక్కువమంది టీరెక్స్ వేస్తారు. మేం మాత్రం రాజాసారస్ ఎంచుకున్నాం. గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గర రహియోలి అనే ఊళ్లో 1980లలో తవ్వి తీసిన ఎముకలను బట్టి 2003లో దీనికి రాజాసారస్ నర్మదెన్సిస్ అని పేరు పెట్టారు. నెత్తి మీద పొట్టి కొమ్ము ఒకటి ఉంటుంది. అరచేతిలో పట్టే ఫోమ్ ముక్కతో ఆ కొమ్ము తయారైపోతుంది, చూసేవాళ్లకి దూరం నుంచే ఇది టీరెక్స్ కాదని తెలిసిపోతుంది.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. రాజాసారస్ కుటుంబంలోని డైనోసార్లకి చేతులు బాగా పొట్టి. కాబట్టి ఛాతీ మీద రెండు చిన్న బొమ్మ చేతులు అతికిస్తే సరిపోతుంది. పిల్ల సొంత చేతులు పక్కనుంచి బయటికి వచ్చి ఖాళీగా ఉంటాయి. కాలు తడబడితే నేలకి చేతులు ఆనించుకోవచ్చు. చేతులు లోపల బిగించేసే వేషం పిల్లలకి వద్దే వద్దు.

మన తెలంగాణ డైనోసార్ కోటసారస్ వేషం కట్టలేమా?

మా పాప మొదట అడిగింది అదే. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన ఆ అస్థిపంజరం కింద నిలబడి తల పైకెత్తి చూసిన పిల్లలెవరూ దాన్ని మర్చిపోరు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. కోట అనే రాతి పొరల పేరు, ఆ ఊరి పేరు కలిపి 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అన్నారు.

ఇబ్బందల్లా అది నాలుగు కాళ్లది, మెడా తోకా రెండూ పొడుగు. ఇద్దరు పిల్లల్ని ముందొకరు, వెనకొకరు వంగబెట్టి కట్టాలంటే వెనక పిల్లకి నడుం పట్టేస్తుంది, ఏమీ కనిపించదు. దానికి మన దగ్గరే దారి ఉంది. జాతరల్లో కీలుగుర్రం కట్టుకున్నవాళ్లని గుర్తు తెచ్చుకోండి. గుర్రం ఒళ్లంతా నడుం చుట్టూ వేలాడుతుంటే, మనిషి నడుం పైభాగం బయటే ఉంటుంది. కోటసారస్ ఒంటిని కూడా అలాగే నడుముకి తగిలించి, భుజాల మీదుగా పట్టీలు వేసి, ముందు మెడ, వెనక తోక పెట్టొచ్చు. ముఖం మూసుకోదు కాబట్టి ఊపిరి గొడవే ఉండదు. వచ్చే ఏడాది మేం కట్టబోయేది ఇదే.

ఏ ఫోమ్ కొనాలి? ఎక్కడ దొరుకుతుంది?

మూడు రకాలు పనికొస్తాయి. మొదటిది సోఫాల్లో, కుర్చీ సీట్లలో వేసే మెత్తటి ఫోమ్, అదే మనం స్పాంజ్ అనేది. పరుపులు, సోఫాలు కుట్టే షాపుల్లో దొరుకుతుంది. తలకి, తోకకి, తొడలకి ఇదే బావుంటుంది. రెండోది ఈవీఏ షీటు, హవాయి చెప్పుల అడుగులా ఉంటుంది. స్టేషనరీ షాపుల్లో పల్చటివి, పిల్లల ఆటగదిలో పరిచే మ్యాట్ల రూపంలో మందపువి దొరుకుతాయి. గోళ్లు, పళ్లు, కొమ్ము, వీపు మీది ముళ్లు దీంతో చేయండి. మూడోది ఫ్రిజ్, టీవీ డబ్బాల్లో చుట్టి వచ్చే, మెత్తగా వంగే తెల్లటి ప్యాకింగ్ ఫోమ్. లోపల ఊతంగా పెట్టుకోవడానికి పనికొస్తుంది, పైగా డబ్బులు పెట్టి కొనక్కర్లేదు.

థర్మోకోల్ మాత్రం తేవద్దు. విరిగిపోతుంది, రాలిపోతుంది. రబ్బరు జిగురు తగిలిందంటే కళ్లముందే కరిగి గుంట పడుతుంది.

షాపులో "ఎంత డెన్సిటీ కావాలి?" అని అడుగుతారు. ఏం చెప్పాలి?

32 అని చెప్పండి. ఒక ఘనపు మీటరు ఫోమ్ 32 కిలోలు తూగుతుందని దాని అర్థం. ఈ లెక్క తెలిస్తే వేషం బరువు ముందే అంచనా వేసుకోవచ్చు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న షీటు సుమారు కిలో నాలుగు వందల గ్రాములు. ఏడెనిమిదేళ్ల పిల్లకి అలాంటిది ఒకటి సరిపోతుంది, ఒకటిన్నర తీసుకుంటే తప్పులకి కూడా చోటుంటుంది. ఇంకా తక్కువ డెన్సిటీది చవక, కానీ రెండోసారి వేసేసరికే అణిగిపోతుంది. 40ది గట్టిగా ఉంటుంది, బరువు పెరుగుతుంది.

కుట్టుపని రాదు. కొలతలు, నమూనా ఎలా?

పాత న్యూస్‌పేపర్లు చాలు. పిల్ల ఒంటికి పేపరు చుట్టి, టేపు వేసి, మార్కర్‌తో గీతలు గీసి, విప్పి పరిచి చూసుకోండి. చేయి తిరిగినవాళ్లు ఇంకో పద్ధతి వాడతారు: పాత టీషర్టు తొడిగి, దాని మీద గట్టి టేపు అంతటా చుట్టి, కత్తెరతో వీపు మీద జాగ్రత్తగా తెరిచి, ఆ తొడుగునే ముక్కలుగా కోసి నమూనాగా వాడుకోవడం. ఒంటి వంపులు దీంతో బాగా తెలుస్తాయి. ఏది చేసినా కొలతకి చుట్టూ రెండంగుళాలు వదులు వదలండి. ఫోమ్ మందం లోపలికి కూడా వస్తుందన్న సంగతి చాలామంది మర్చిపోతారు, ఆఖరి రాత్రి తల పట్టదు.

ఫోమ్ నున్నగా తెగడం లేదు. ఏం చేయాలి?

బ్లేడు మార్చండి. కట్టర్ బ్లేడు పూర్తిగా బయటికి లాగి, ఫోమ్‌ని అణచకుండా, పొడుగ్గా ఒకే లాగుడులో కోయాలి. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే అంచు చింపిరి చింపిరిగా వస్తుంది. మందపు ముక్కలైతే షాపులోనే మిషన్ మీద కోసిమ్మంటే కోసిస్తారు. గుండ్రటి బుగ్గలు, కనుబొమల గట్లు కత్తెరతో కొద్దికొద్దిగా చెక్కాలి. క్షౌరం చేసినట్టు పైపైన తీసుకుంటూ పోవాలి, ఎక్కువ తీస్తే మళ్లీ రాదు. కోత పని పెద్దవాళ్లదే.

ఏ జిగురు పట్టుకుంటుంది?

చెప్పులకి, సోఫాలకి వాడే పసుపు రంగు రబ్బరు జిగురు. ఫెవికాల్ ఎస్‌ఆర్ రకం అంటే హార్డ్‌వేర్ షాపులో ఇస్తారు. వాడే తీరు తెలియక చాలామంది పాడుచేసుకుంటారు. రెండు అంచులకీ పల్చగా రాసి వెంటనే అంటించకూడదు. పది పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. వేలితో తాకితే అంటుకోనట్టు అనిపించాలి, అప్పుడు కలపాలి. కలిపిన క్షణంలోనే పట్టేస్తుంది, సరిచేసుకునే అవకాశం ఉండదు. అందుకే పొడుగు అతుకులకి మధ్యలో బటర్ పేపర్ పెట్టి, ఒక కొస నుంచి కొద్దికొద్దిగా లాగేస్తూ నొక్కుకుంటూ రండి.

మామూలు తెల్ల ఫెవికాల్‌తో ఫోమ్ ముక్కలు అతికించబోతే రోజంతా పట్టుకుని కూర్చోవాలి. గ్లూ గన్ చిన్న పనులకి మంచిది, ఎండలో పెట్టిన కారులో మాత్రం ఆ అతుకులు విడిపోవచ్చు.

రబ్బరు జిగురు ఆవిరి తల తిరిగేలా చేస్తుంది, నిప్పుకి ఇట్టే అంటుకుంటుంది. డాబా మీదో వరండాలోనో పనిచేయండి. వంటగదికి ఆనుకుని వద్దు, దీపం దగ్గర వద్దు. గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపదు, గాలి ఆడే చోటే రక్ష. పిల్లలు ఆ పూట పక్కింట్లో ఆడుకోవాలి.

తోక ఎలా చేయాలి? వెనక్కి లాగేస్తోంది, వేలాడిపోతోంది.

ఎక్కువమంది అడిగింది ఇదే. నేను ఎక్కువ తప్పులు చేసిందీ ఇక్కడే. మొదటి తోక లోపల పాత బట్టలు కుక్కాను. తూకం వేస్తే రెండున్నర కిలోలు. పాప పది అడుగులు నడిచి, వీపు విరుచుకుని నిలబడిపోయింది. మెల్లిగా "అమ్మా, ఎవరో వెనక్కి లాగుతున్నట్టుంది" అంది. ఆ రాత్రే విప్పేశాను. రెండో తోక లోపల ఖాళీ, బరువు ఆరేడు వందల గ్రాములు.

చేసే పద్ధతి ఇది. ఫోమ్ షీటు పరిచి, ఒక మూల దగ్గర దారం కొస నొక్కి పట్టుకుని, రెండో కొసకి మార్కర్ కట్టి, 30 అంగుళాల దూరంలో విల్లులా గీత గీయండి. ఆ వంపు గీత మీద టేపుతో 30 అంగుళాలు కొలిచి గుర్తు పెట్టి, రెండు చివర్ల నుంచి మూలకి తిన్నగా గీయండి. కేకు ముక్క ఆకారం వస్తుంది. కోసి, రెండు తిన్నటి అంచుల్నీ కలిపి అతికిస్తే 30 అంగుళాల పొడవు, మొదట్లో తొమ్మిదిన్నర అంగుళాల అడ్డం ఉన్న శంఖువు తయారు. మొదలు లావు కావాలంటే వంపు మీద కొలత పెంచండి, పొడవు కావాలంటే దారం పెంచండి.

ఇప్పుడు వాలిపోవడం సంగతి. పాత బొమ్మల్లో డైనోసార్లు తోకని నేల మీద ఈడ్చుకుంటూ నడిచేవి. ఇప్పుడు శాస్త్రవేత్తలు ఒప్పుకోవడం లేదు. వాటి అడుగుజాడలు రాళ్లలో ఎన్నో దొరికాయి, తోక ఈడ్చిన చార మాత్రం చాలా అరుదు. ముందు బరువైన తలకి సరితూగేలా తోకని గాల్లో నిలిపి నడిచేవి. మన వేషంలోనూ తోక నేలకి తగలకూడదు, లేదంటే వెనక పిల్లలు తొక్కుతారు. తోక పైవైపున అక్కడక్కడా వీ ఆకారంలో చీలికలు కోసి, ఆ అంచుల్ని కలిపి అతికించండి. పైవైపు కురచవుతుంది, తోక కొస తనంతట తనే పైకి లేస్తుంది. మూడు నాలుగు చీలికలు చాలు. లోపల జానెడు దూరానికొక గుండ్రటి ఫోమ్ బిళ్ల అడ్డంగా అతికిస్తే నొక్కుకుపోదు.

తోకని దుస్తులకి కుట్టకండి, గుడ్డ సాగిపోతుంది. పాత స్కూలు బ్యాగు పట్టీలు కోసి, ఎన్నికల బోర్డులకి వాడే సన్‌ప్యాక్ షీటు ముక్కకి గాట్లు పెట్టి వాటిలోంచి దూర్చి, ఆ షీటు మీద తోక మొదలు అతికించాం. భుజాలకి రెండు పట్టీలు, నడుముకి ఒక బెల్టు. బరువంతా భుజాలకీ నడుముకీ పంచుకుంటుంది. బెల్టుకి బ్యాగుల్లో ఉండే నొక్కుడు బకిల్ పెడితే ఆటో ఎక్కేటప్పుడు, కుర్చీలో కూర్చునేటప్పుడు ఒక్క నొక్కుతో తోక ఊడి వచ్చేస్తుంది.

తల బరువుగా ముందుకి వాలిపోతోంది.

తలని నెత్తి మీద నిలబెట్టేది లోపలి టోపీ. పిల్లల సైకిల్ హెల్మెట్ ఉంటే అంతకన్నా మంచిది లేదు. దాని చుట్టూ ఫోమ్ కట్టండి. రెండు పక్కలకి రెండు ముక్కలు, పైన నుదుటి నుంచి ముక్కు దాకా ఒక పొడుగు పట్టీ, కింద దవడ విడిగా. మూతి పొడవు ఒక జానెడు మించకుండా చూడండి. అందం కోసం ఇంకో నాలుగంగుళాలు పెంచాలనిపిస్తుంది, ఆ నాలుగంగుళాలే మెడని వంచేస్తాయి. మూతి లోపల ఖాళీగా ఉంచండి. దవడకి రెండు పక్కలా ఎలాస్టిక్ కట్టి, హెల్మెట్ గడ్డం పట్టీకి తగిలిస్తే పిల్ల నోరు తెరిచినప్పుడల్లా డైనోసార్ కూడా నోరు తెరుస్తుంది. ఆ చిన్న కదలికకే హాలంతా చప్పట్లు కొట్టింది.

కళ్లకి ప్లాస్టిక్ బంతిని రెండు సగాలుగా కోసి లోపలివైపు రంగు వేయండి, పైన నిగనిగ మిగులుతుంది. పళ్లు మెత్తటి ఈవీఏతోనే ఉండాలి.

లోపల్నుంచి ఎలా కనిపిస్తుంది?

డైనోసార్ నోట్లోంచి. నోటి లోపలివైపు నల్ల దోమతెర ముక్క అతికిస్తే పిల్లకి బయటంతా కనిపిస్తుంది, బయటివాళ్లకి నల్లటి గొంతులా ఉంటుంది. పక్కలు, పాదాల ముందు చోటు బాగా కనిపించవు కాబట్టి స్టేజీ మెట్ల దగ్గర ఒక పెద్దవాళ్లు చేయి పట్టుకోవాలి. మేం ముందు రోజు ఇంటి మెట్ల మీద పదిసార్లు ఎక్కించి దింపించాం.

ఉక్కపోతకి తట్టుకుంటారా?

ఫోమ్ వేడిని బయటికి పోనివ్వదు. నవంబరులో కూడా పది నిమిషాల్లో చెమటలు కారిపోతాయి. లోపల పల్చటి నూలు బనీను, లెగ్గింగ్ మాత్రమే వేయండి. నోటి దగ్గరే కాకుండా తల వెనక, మెడ కింద కూడా గాలి దారులు వదలండి. పవర్‌బ్యాంకుతో తిరిగే చిన్న ఫ్యాను మెడ వెనక పెడితే చాలా హాయి. మా లెక్క: తల పెట్టుకుని పదిహేను నిమిషాలు, తర్వాత తీసేసి నీళ్లు. తన వంతు వచ్చేదాకా తల మా చేతుల్లోనే ఉంది. తల నొప్పి అన్నా, తల తిరుగుతోందన్నా ఇంకేమీ చూడకుండా తీసేయండి.

తీయడానికి పది సెకన్లకు మించి పట్టకూడదు. ముడులు, పిన్నీసులు వద్దు, అంతటా వెల్క్రో. పిల్ల తనంతట తను తీసుకోగలగాలి, ఇది ఇంట్లో నేర్పించండి.

నిప్పు ప్రమాదం ఉందా?

ఉంది. ఈ మెత్తటి ఫోమ్ చాలా వేగంగా మండుతుంది, ఆ పొగ విషం. బాలల దినోత్సవానికి కాస్త అటూఇటూగా దీపావళి వస్తుంది, మతాబుల దగ్గరికి ఈ వేషంతో పంపకండి. స్కూల్లో జ్యోతి ప్రజ్వలన ఉంటుంది కదా, స్టేజీ మీద కుందిలో దీపం ఎక్కడ పెడతారో టీచర్‌ని ముందే అడగండి. మేం అడిగితే వాళ్లు దాన్ని పక్కకి జరిపారు. పుట్టినరోజు కేకు మీది కొవ్వొత్తులకీ ఇదే మాట.

కాళ్లు, పాదాలు?

లెగ్గింగ్ మీద తొడల దగ్గర మాత్రమే ఫోమ్ కట్టండి. మోకాలి వెనక ఖాళీ వదలండి. పాదాలకి పాత స్కూలు బూట్ల మీద మూడు వేళ్ల తొడుగు. అడుగున ఫోమ్ ఉండకూడదు, జారుతుంది.

ఏ రంగు వేయాలి? రంగు ఎంత వేసినా ఫోమ్ తాగేస్తోంది.

ముందు రెండో దానికి జవాబు. తెల్ల ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి పల్చటి పూత రెండుసార్లు వేసి ఆరనివ్వండి. అప్పుడు రంగు పైన నిలుస్తుంది. మోకాళ్లు, మెడ లాంటి వంగే చోట్ల పూత పగులుతుంది, అక్కడ ఫోమ్ బదులు అదే రంగు బనీను గుడ్డ వాడండి. యాక్రిలిక్, ఫ్యాబ్రిక్ రంగులు మంచివి.

పొలుసుల కోసం మా ఇంట్లో దొరికిన ఉపాయం చెప్తాను. ఉల్లిపాయలు వచ్చే ఎర్రటి వల సంచి విప్పి ఫోమ్ మీద బిగించి పట్టి, స్పాంజ్ ముక్కని లేత రంగులో అద్ది మెల్లగా తట్టాం. వల తీస్తే కింద ముదురు గీతల మధ్య చిన్న చిన్న గళ్లు. పాప గబగబా రెండో చెంప మీద తనే తట్టేసింది. అక్కడ గళ్లు కాస్త పెద్దవి, వంకర, ఆ చెంపే ఎక్కువ నిజంగా కనిపించింది.

రంగు ఎంపిక మీ ఇష్టం. రాజాసారస్ రంగు ఎముకల్లో మిగలలేదు. కొన్ని డైనోసార్ల రంగు మాత్రం తెలిసింది. చైనాలో దొరికిన సైనోసారాప్టెరిక్స్ ఈకల్లోని రంగు కణాలు చూసి, దాని తోక మీద ఇటుక రంగు, తెలుపు పట్టీలు ఉండేవని 2010లో చెప్పారు. మేం ఆ పట్టీల్నే అరువు తెచ్చుకున్నాం. ఆకుపచ్చే వేయాలన్న రూలేమీ లేదు.

స్టేజీ మీద పిల్ల ఏం చేయాలి? గర్జించాలా?

మోకాళ్లు కొంచెం వంచి, ఒక్కో అడుగూ ఆగి ఆగి, తల అటూఇటూ తిప్పుతూ నడిస్తే చాలు. గర్జన విషయంలో ఒక మంచి సంగతి ఉంది. పక్షులు, మొసళ్ల గొంతుల్ని పోల్చి చూసిన 2016 పరిశోధన ఒకటి, కొన్ని డైనోసార్లు నోరు మూసుకునే లోలోపల మోగేలా చప్పుడు చేసి ఉండొచ్చంది. పావురం గొంతు ఉబ్బించి గుర్రుమన్నట్టు. మా పాప మైకు దగ్గర అదే చేసి, "నేను రాజాసారస్‌ని, మా ఊరు నర్మదా తీరం" అంది. తలలోంచి మాట బయటికి సరిగా రాదు, మైకు నోటికి బాగా దగ్గరగా పెట్టమని చెప్పండి.

మూడేళ్ల తమ్ముడికి కూడా కావాలంటున్నాడు.

ముఖం మూసే తల వద్దు. హుడీ టోపీ మీద ముళ్లు, కళ్లు అతికించి, చిన్న తోక కట్టండి. బంతి కళ్లు, గోళ్లు ఊడి నోట్లోకి పోకుండా కుట్టాలి.

ఎన్ని రోజులు, ఎంత ఖర్చు?

మాకు మూడు శని, ఆదివారాలు పట్టింది. ఖర్చు రెండు వేల లోపే. ఎక్కువ పోయింది ఫోమ్‌కి, తర్వాత రంగులకి. పోటీకి రెండు రోజుల ముందే పూర్తిచేయండి, జిగురు వాసన పోవడానికి ఆ రెండు రోజులూ కావాలి.

వాన వస్తే? ఉతకడం, దాచడం ఎలా?

కోస్తాలో ఉన్నవాళ్లకి నవంబరు అంటే తుపాన్ల నెల. తడిస్తే ఫోమ్ నీళ్లు పీల్చుకుని మోయలేనంత బరువవుతుంది. పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి తీసుకెళ్లి, స్కూల్లో తొడగండి. మిషన్‌లో వేయకూడదు. సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో లోపల తుడిచి నీడన ఆరబెట్టండి. ఎండ తగిలితే ఈ ఫోమ్ పసుపెక్కి, పొడిపొడిగా రాలుతుంది. మడతపెట్టకుండా, తలలో, తోకలో పేపరు ఉండలు నింపి, గుడ్డ సంచిలో అటక మీద పెట్టండి. ఎలుకలకి ఫోమ్ అంటే ఇష్టం, నెలకోసారి దించి చూడాలి.

ఏడాదికే పిల్ల ఎదిగిపోతుంది కదా, తర్వాత ఏం చేయాలి?

ఒంటి భాగం పక్కలు కోసి, మధ్యలో రెండంగుళాల పట్టీ అతికిస్తే ఇంకో ఏడాది వస్తుంది. తల హెల్మెట్ మీద ఉంది కాబట్టి లోపలి బిగింపు చక్రం తిప్పి వదులు చేసుకోవచ్చు. తోకకి వయసు లేదు. మాది ఇప్పుడు కింది అంతస్తు బాబు దగ్గరుంది. వాడు దానికి నీలం పట్టీలు వేసి, స్కూలు నుంచి రాగానే కట్టుకుని మెట్ల మీద తిరుగుతున్నాడు.